ఫైల్లో పేరు, శుక్రవారం పేరు

మా కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతున్న ఒకమ్మాయి మొన్న నా దగ్గరికి రెండు కాగితాలు పట్టుకొచ్చింది. బయటి దేశంలో ఏదో యూనివర్సిటీకి అప్లై చేస్తోందట. నీ జాతి, నీ పుట్టుక నిన్ను ఎలా తయారుచేశాయో రాయమన్నారట. ఇంగ్లీషు దిద్దిపెట్టమంది. దిద్దడం నాకు కూడు పెట్టే పనే కాబట్టి ఎర్రపెన్ను తీసుకుని కూర్చున్నాను. మొదటి పేరాలో వాళ్ళ నాయనమ్మ పడ్డ అవమానం, రెండో పేరాలో వాళ్ళ నాన్న తాగుడు, మూడో పేరాలో ఈ పిల్ల ధైర్యం. చక్కగానే రాసింది. నాకు మాత్రం పెన్ను కదల్లేదు. మీ నాన్న ఇది చదివారా అని అడిగాను. ఆయనకి ఇంగ్లీషు రాదు మేడమ్ అంది, అదేదో పెద్ద సౌకర్యమైనట్టు. పదిహేడేళ్ళప్పుడు నేను రాసిన వ్యాసం గుర్తొచ్చి, రేపు ఇస్తానులే అని ఆ పిల్లని పంపించేశాను. ఆ రేపు రావడానికి వారం పట్టింది.

అప్పుడు మేం ఒమన్‌లో, సహం అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. ఇక్కడ రాష్ట్రం రెండైన మరుసటి ఏడాది అది. అమ్మ అక్కడొక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. నాన్న సోహార్‌లో స్టీలు ప్లాంటు స్టోర్స్‌లో పని చేస్తూ వారమంతా కంపెనీ రూమ్‌లో ఉండి, గురువారం సాయంత్రం బస్సులో వచ్చేవాడు. మాది మేడమీద రెండు గదుల ఇల్లు. కిటికీ తెరిస్తే సముద్రం వైపు నుంచి ఎండుచేపల వాసన, మూస్తే ఏసీలో నానిన దుమ్ము వాసన. రెండింట్లో ఏది కావాలో ఎంచుకునే స్వేచ్ఛ ఒక్కటే నాకు పూర్తిగా ఉండేది. అమ్మ డ్యూటీకి వెళ్తూ బయట తాళం వేసుకుని వెళ్ళేది. లోపల ఇంకో తాళంచెవి ఉండేది గానీ, అది ఇల్లంటుకుంటే తప్ప ముట్టుకోకూడదు. పొద్దున్నే స్కూలు బస్సు, సోహార్ దాకా అరగంట, మళ్ళీ అరగంట వెనక్కి, ఆ తర్వాత తాళం. బాల్కనీలో నిలబడితే ఎదురుగా టైర్ల షాపు, దాని పక్కన లాండ్రీ. ఆ లాండ్రీలో ఇస్త్రీ చేసే మనిషి రోజుకి ఎన్ని తెల్లటి దిష్దాషాలు, అక్కడి మగవాళ్ళ పొడుగు అంగీలు, మడతపెడతాడో లెక్కపెట్టి చెప్పగలిగేంత తీరిక నాకు ఉండేది.

కింద ఇంటివాళ్ళావిడ ఉమ్ సలీం, అంటే సలీం వాళ్ళమ్మ. వాళ్ళది జాంజిబార్ నుంచి తిరిగొచ్చిన కుటుంబం. అరబ్బీ ఎంత బాగా మాట్లాడేదో స్వాహిలీ అంత బాగా మాట్లాడేది. మాతో మాత్రం ఆస్పత్రిలో మన నర్సుల దగ్గర నేర్చుకున్న హిందీ. గురువారం సాయంత్రాలు ఆవిడ సాంబ్రాణి వేస్తే ఆ పొగ మెట్లెక్కి మా ఇంట్లోకొచ్చి, అమ్మ యూనిఫాంకి పట్టిన డెటాల్ వాసనతో కలిసిపోయేది. ఆవిడ రంగు నా రంగుకంటే నలుపు. ఒకరోజు ఏదో మాటల్లో, అక్కడ ఉన్నన్నాళ్ళూ మమ్మల్ని మీరు అరబ్బులు, పొండి అన్నారు, ఇక్కడికొచ్చాక జాంజిబారీలు వచ్చారన్నారు అని చెప్పి నవ్వింది. ఆ నవ్వు నాకు అప్పుడు అర్థం కాలేదు. మా స్కూలు బస్సులో వెనక సీటు అబ్బాయిలు హిందీలో నన్ను కాలీ, అంటే నల్లదానా, అని పిలిచినప్పుడు నేను నవ్వలేదు మరి.

మా అమ్మకి రెండు పేర్లు. ఒకటి స్కూలు రిజిస్టర్లో మా అమ్మమ్మ రాయించినది, ఇంకొకటి బాప్తిస్మంలో వచ్చినది. మొదటిది ఫైల్లో పేరు, రెండోది శుక్రవారం పేరు. ఒమన్‌లో ఆదివారం డ్యూటీ ఉంటుంది కాబట్టి మా ఆరాధన శుక్రవారమే. ఈ రెండు పేర్ల సంగతి మా వైపు వాళ్ళకి విప్పి చెప్పనక్కర్లేదు. మాలపేటలో పుట్టి చర్చికి వెళ్ళే ప్రతి ఇంట్లోనూ ఉన్న సంగతే. కాగితం మీద హిందువని ఉన్నంతకాలమే ఎస్సీ. క్రైస్తవులమని రాసుకున్న క్షణం బి.సి.-సి., రిజర్వేషన్‌లో వాటా ఒక్క శాతం. పేటా మారదు, ఇంటిపేరూ మారదు, బావి దగ్గర పిలిచే పిలుపూ మారదు, సర్టిఫికెట్ మాత్రం మారిపోతుంది. అమ్మ నర్సింగ్ సీటూ, ఆ తర్వాత గవర్నమెంటాస్పత్రిలో ఉద్యోగమూ ఆ సర్టిఫికెట్ మీద వచ్చినవే. ఆ ఉద్యోగానికి ఐదేళ్ళ జీతం లేని సెలవు పెట్టి ఒమన్ వచ్చింది. ఇంకో ఏడాదిన్నరలో తిరిగి చేరాలి. చేరితేనే పెన్షన్.

అందుకని అమ్మ బతుకంతా ఒక పద్ధతిలో నడిచేది. బైబిలు మీద పేరు రాసుకోదు. చర్చిలో గ్రూపు ఫొటో తీస్తుంటే వెనక వరసలోకి జరిగి ఎవరి భుజం చాటునో నిలబడుతుంది. వాట్సాప్‌లో ఆస్పత్రివాళ్ళకి ఒక నంబరు, ప్రార్థనవాళ్ళకి ఒక నంబరు. సర్టిఫికెట్లన్నీ ఒక జిప్పు సంచిలో, ఆ సంచి బియ్యం డబ్బాలో. నెలకోసారి తీసి, తడి తగలలేదు కదా అని చూసి, మళ్ళీ బియ్యం పోసేది. ఆ ఏడాది భయం మరీ ముదిరింది. రాష్ట్రం విడిపోవడంతో ఉద్యోగుల ఫైళ్ళన్నీ తిరగేస్తున్నారని, అమ్మతో పనిచేసిన ఒకావిడ మీద ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాస్తే ఆమెని సస్పెండు చేశారని ఇంటి నుంచి ఫోనొచ్చింది. ఆ ఉత్తరానికి ఆధారం ఏమిటో తెలుసా, ఆవిడ కూతురి పెళ్ళి శుభలేఖ మీద ఉన్న ఒక బైబిలు వాక్యం. అమ్మ ఆ ఫోను పెట్టేసి చేపల కూర కలుపుతూ, కడుపు చించుకుంటే కాళ్ళమీదే పడుద్ది అని నాతో కాదన్నట్టు అంది.

పన్నెండో తరగతి తర్వాత నాకు అక్కడ చదువు లేదు. ఉన్నా మాకు అందేది కాదు. పక్క గల్ఫ్ దేశంలో ఒక అమెరికన్ యూనివర్సిటీ శాఖ ఉందని, ఏటా కొద్దిమందికి ఫీజు పూర్తిగా మాఫీ చేస్తుందని మా ఇంగ్లీషు టీచరు నీలిమా మేడమ్ చెప్పింది. ఆవిడది ఢిల్లీ. మంచి మనిషి. నాకోసం స్కూలయ్యాక అరగంట ఉండిపోయి, బస్సుకి ఆలస్యమైతే డ్రైవర్ని బతిమాలేది. అప్లికేషన్‌లో ముందు జాతి ఏమిటని గళ్ళున్నాయి. దేంట్లో టిక్కు పెట్టాలని అమ్మని అడిగితే, మనకేముందే, ఏషియన్ అని కొట్టు అంది. ఆ తర్వాత వ్యాసం. మీ జాతి నేపథ్యం మీ జీవితాన్ని ఎలా మలిచిందో రాయండి. నేను బస్సులో కాలీ అన్న సంగతి రాశాను. ఉమ్ సలీంని కూడా పెట్టాను. చివర్లో, చర్మం రంగు దేవుడిచ్చిన బట్ట లాంటిదని మా అమ్మ చెప్పినట్టు రాశాను. అమ్మ ఎప్పుడూ అలాంటి మాట అనలేదు. అయినా చదివి కళ్ళు తుడుచుకుంది. నేనెప్పుడన్నానే అని కూడా అడగలేదు.

నీలిమా మేడమ్ మాత్రం కళ్ళు తుడుచుకోలేదు. బాగుంది, కానీ ఇలాంటివి వాళ్ళకి వెయ్యి వస్తాయి, నువ్వేదో దాస్తున్నావు అంది. ఆ మాట నన్ను పట్టుకుంది. దాచడం మా ఇంటి పద్ధతి కదా, అది బయటివాళ్ళకి కనిపిస్తోందా అని ఒళ్ళు మండింది. ఆ మధ్యాహ్నం తాళం వేసిన ఇంట్లో కూర్చుని రెండో వ్యాసం రాశాను. కూర్చున్న చోటు నుంచి లేవకుండా రాశాను. మా దేశంలో ముందు అడిగేది రంగు కాదని మొదలుపెట్టాను. పేట, సర్టిఫికెట్, బియ్యం డబ్బా, రెండు పేర్లు, ఫొటోలో వెనక వరస, అన్నీ రాశాను. ముగింపులో ఒక వాక్యం రాసి, దాన్ని నాలుగైదుసార్లు పైకి చదువుకుని మురిసిపోయాను. మా అమ్మ ఇరవై ఐదేళ్ళుగా ఒక అబద్ధంలో బతుకుతోంది, నేను అందులో బతకను అన్నది ఆ వాక్యం. నీలిమా మేడమ్ చదివి నన్ను కావలించుకుంది. ఇదీ నీ వ్యాసం, ఇదే పంపుదాం, ఆదివారం సాయంత్రం గడువు అంది. ప్రింటు తీసి కవర్లో పెట్టి ఇచ్చింది. అమ్మకి చెప్పలేదు. చదివే మనుషులు ఎక్కడో సముద్రాలవతల ఉన్నారు, వాళ్ళకి మా జిల్లా ఆఫీసు ఎక్కడిది అనుకున్నాను. మొన్న కాగితాలు తెచ్చిన ఆ పిల్ల, ఆయనకి ఇంగ్లీషు రాదు మేడమ్ అన్నట్టే.

మావాళ్ళకో అలవాటుంది. వీసా రెన్యువల్ గానీ, స్కానింగ్ రిపోర్టు గానీ, హాల్ టికెట్ గానీ, ఏ కాగితమైనా సరే ప్రార్థనలో పెట్టకుండా ముందుకి కదలదు. సోహార్‌లో మా తెలుగువాళ్ళకి ఇచ్చిన హాల్లో, మలయాళీల ఆరాధనా తమిళుల ఆరాధనా అయ్యాక, మధ్యాహ్నం రెండింటికి మాకు గంటన్నర దొరికేది. బల్లమీద స్టీలు ట్రే ఉండేది. అందరూ కాగితాలు తెచ్చి అందులో పెట్టేవాళ్ళు. పాస్టరుగారు వారంలో ఆరు రోజులు పోర్టులో క్రేను నడుపుతారు, ఏడో రోజు ఆ ట్రే మీద చెయ్యి పెట్టి, ఒక్కొక్కరి పేరునా దేవుణ్ణి అడిగేవారు. ఆ శుక్రవారం అమ్మ నా పుస్తకాల సంచిలోంచి కవరు తీసుకుని ట్రేలో పెట్టేసింది. నేను చూసేసరికే పెట్టేసింది. తను చదివి ఏడ్చిన మొదటి వ్యాసమే అందులో ఉందనుకుంది. పెట్టి ఊరుకోలేదు. పాస్టరుగారితో, మా పిల్ల చాలా మంచి సాక్ష్యం రాసిందండీ అని చెప్పుకుంది. తన గురించి పదిమందిలో ఒక్క మాట చెప్పుకోని మనిషి, నా గురించి ఆపుకోలేకపోయింది.

పాస్టరుగారు కవరు చించి కాగితాలు తీశారు. ఒక్క క్షణం చూశారు. ఆయనకి ఇంగ్లీషు కూడబలుక్కుంటే వస్తుంది, గబగబా రాదు. నాకు అదే ప్రాణం నిలబెట్టింది. రా తల్లీ, సంఘమంతా వినేట్టు తెలుగులో చదివి చెప్పు అని కాగితాలు నా చేతికిచ్చారు. అరవైమంది ఉంటారు. ముందు వరసలో విజయ ఆంటీ కూర్చుని ఉంది. ఆవిడా నర్సే, మా జిల్లావాళ్ళే. వాళ్ళ మరిది, మా అమ్మ ఫైలున్న ఆఫీసులోనే పనిచేస్తాడు. ఆవిడ పుట్టుక వేరు, పెద్ద రైతుల ఇల్లు, పెళ్ళితో చర్చికొచ్చింది. మన దగ్గర కులం గిలం లాంటివేం లేవులే దేవుడి దయవల్ల అని అప్పుడప్పుడూ అంటుండేది. చెడ్డావిడ కాదు. కానీ మంచివాళ్ళ నోట్లోంచి జారినా మాట మాటే కదా. నాలుగో వరసలో అమ్మ, కొత్త గంజి చీరలో, మెడ కాస్త నిలబెట్టి నన్ను చూస్తోంది.

చదవనంటే ఎందుకని అడుగుతారు. చదివితే అమ్మ ఉద్యోగం పోతుంది. తలుపు పక్కన నాన్న నిలబడ్డాడు, ఆయన్ని దాటి బయటికి పోలేను. కాగితం మీద చూపు పెట్టి మొదటి వ్యాసం చెప్పడం మొదలుపెట్టాను. కళ్ళ ముందు అక్షరాలు, మా అమ్మ ఇరవై ఐదేళ్ళుగా ఒక అబద్ధంలో బతుకుతోంది అంటున్నాయి, నోరు మాత్రం, చర్మం రంగు దేవుడిచ్చిన బట్ట అంటోంది. పేజీ తిప్పాల్సిన చోట తిప్పాను. చదువుతున్నట్టు మధ్యలో తడబడ్డాను కూడా. కాలీ అన్న మాట దగ్గర ఆడవాళ్ళు అయ్యో అన్నారు. అయిపోయాక అందరూ ఆమెన్ అన్నారు. విజయ ఆంటీ లేచొచ్చి నా నుదురు ముద్దుపెట్టుకుంది. దేవుడి బల్ల ముందు నిలబడి అంత చక్కగా అబద్ధం ఆడగలనని నాకు అప్పటిదాకా తెలీదు. పాస్టరుగారు నా చేతిలోని కాగితాలు తీసుకుని మడిచి, మళ్ళీ నాకివ్వకుండా అమ్మ చేతికిచ్చారు.

తిరుగు టాక్సీలో నాన్న ముందు సీట్లో, మేమిద్దరం వెనక. అమ్మ కాగితాలు విప్పింది. సంతోషంగా విప్పింది. అమ్మకి ఇంగ్లీషు బాగా వచ్చు, డాక్టర్లు గిలికిన రాతే చదివే మనిషి. నేను కిటికీలోంచి ఖర్జూరం తోటలు చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపు చదివిందో తెలీదు. చివరికి కాగితాలు నాలుగు మడతలు పెట్టి హాండ్‌బ్యాగులో వేసుకుని, నాన్నతో, ఇంట్లో ఉల్లిపాయలు లేవు, బండి లులూ సూపర్‌మార్కెట్ దగ్గర ఆపమనండి అంది. ఆ సాయంత్రమంతా ఉల్లిపాయల గురించీ, నాన్న రూమ్‌కి పట్టుకెళ్ళే పచ్చడి గురించీ మాట్లాడింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిడుతుందేమోనని చూశాను, తిడితే బాగుండునని చూశాను.

మర్నాడు పొద్దున నాన్న దుకాణానికి వెళ్ళినప్పుడు, యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ పిలిచింది. ఇస్త్రీపెట్టె ఆపలేదు, నావైపు చూడలేదు.

"నేను అబద్ధంలో బతుకుతున్నానని రాశావు. ఏది అబద్ధమో చెప్పు. మాలదాన్నని కాగితంలో ఉంది, అది అబద్ధమా? శుక్రవారం మోకాళ్ళ మీదుంటాను, అది అబద్ధమా?"

చొక్కా కాలరు మీద నీళ్ళు చల్లింది.

"రెండూ నిజమేనే. రెండూ ఒక మనిషిలో ఉండకూడదన్నారు చూడు, అబద్ధం వాళ్ళది. అది రాయలేదు నువ్వు. అమ్మ దొంగని రాశావు, అది తేలిక."

ఆ తర్వాత చొక్కా చేతులు తిప్పి ఇస్త్రీ చేసింది. మామూలు గొంతుతో, సీటు దాంతోనే వస్తదని మీ మేడమ్ అంటే అదే పంపు, నేను తిరిగి ఉద్యోగంలో చేరనులే, ఇక్కడే ఎన్నాళ్ళు ఉంచుకుంటే అన్నాళ్ళు చేస్తాను అంది. నిష్ఠూరంగా అనలేదు. రాత్రంతా ఆలోచించి నిర్ణయించుకున్నట్టు అంది. ఆ మాటతో నాకు అన్ని వైపులా తలుపులు మూసుకుపోయాయి. నాలుగు దెబ్బలు కొట్టి పంపొద్దని అనుంటే మొండికేసి పంపేదాన్నేమో. పంపమంది గనక పంపలేకపోయాను.

ఆదివారం స్కూల్లో నీలిమా మేడమ్ పక్కన కూర్చుని రంగు వ్యాసమే పంపాను. ఆవిడ చాలా బాధపడింది. భయపడ్డావు అంది. అవునన్నాను. మా అమ్మ మాటలు ఆవిడకి చెప్పుంటే అర్థమయ్యేవేమో, మూడో వ్యాసం రాయమనేదేమో. కానీ అప్పటికి నాకు మా ఇంటిని ఇంకెవరి ముందూ పరవాలనిపించలేదు. వేసవిలో జవాబొచ్చింది. సీటు ఇస్తామన్నారు, ఫీజు మాఫీ మాత్రం లేదన్నారు. అంటే సీటు లేనట్టే. రెండో వ్యాసం పంపుంటే వచ్చేదా అని చాలా ఏళ్ళు ఆలోచించాను. వచ్చి ఉండొచ్చు. నేను గుంటూరులో డిగ్రీలో చేరాను. ఆ మరుసటి ఏడాది అమ్మ తిరిగొచ్చి ఉద్యోగంలో చేరింది, పోయినేడాదే రిటైరైంది. చివరి రోజు వరకూ గ్రూపు ఫొటోలో వెనక వరసే.

అప్పుడు నాకు తెలియనిది ఒకటి ఇప్పుడు తెలుసు. వ్యాసం అడిగినవాళ్ళకి కావలసింది నా జాతి కాదు, నా గాయం. అది తెచ్చిపెట్టడానికి పదిహేడేళ్ళ పిల్లకి చేతికందిన మనిషి తల్లి ఒక్కతే. ఇప్పటి పిల్లలు మాకంటే ధైర్యంగా రాస్తున్నారు, నాకు సంతోషమే. పుట్టుక దాచుకోకుండా చెప్పే కవులూ, అధికారులూ వచ్చారు. నేనూ క్లాసులో నా పుట్టుక దాచను. కానీ సర్టిఫికెట్ సంగతి ఇవాళ్టికీ అక్కడే ఉంది. మాలదాన్ని అని చెప్పడానికి ధైర్యం వచ్చింది, శుక్రవారమో ఆదివారమో ఎక్కడికి వెళ్తానో అదే వాక్యంలో చెప్పడానికి చట్టం ఒప్పుకోదు. ఆ అమ్మాయికి కాగితాలు తిరిగిచ్చేటప్పుడు ఇంగ్లీషు ఒక్కటే దిద్దాను. మీ నాన్నకి ఒకసారి తెలుగులో చదివి వినిపించమ్మా అన్నాను. ముఖం చిన్నబుచ్చుకుంది. వినిపిస్తుందో లేదో తెలీదు.

నిన్న నా పుస్తకం కోసం రాసిన ఈ అధ్యాయం అమ్మకి చదివి వినిపించాను. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని విన్నది. ఇస్త్రీ చేస్తూ తను అన్న మాటలొచ్చినప్పుడు కళ్ళు తెరిచి, అలా అన్నానా అంది. అన్నావన్నాను. బాగానే అన్నాను అంది. అంతా అయ్యాక, ఈసారి నన్ను దొంగని చెయ్యలేదు, అచ్చేయించుకో అని లేచి వంటింట్లోకి వెళ్ళింది. నాకు ఎన్నాళ్ళనుంచో ఉన్న బరువు దిగినట్టయింది. కాసేపటికి చేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

"పెన్షన్ ఆపరు కదే?"

ఆపరమ్మా అన్నాను. ఆమె లోపలికి వెళ్ళాక కూర్చుని, రాసినదాంట్లోంచి ఆమె రెండు పేర్లూ కొట్టేశాను.